దాణా పెంచితే పాలు తగ్గాయా? ముందు ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి చూడు

నువ్వు అడిగింది ముక్కలుముక్కలుగా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ఒకచోట చేర్చి చెబుతాను. కళ్యాణదుర్గం పక్క పల్లె. రెండో ఈత ముర్రా ఎనుము, ఈని మూడు నెలలు. మొదట్లో రోజుకు 8 లీటర్లు ఇచ్చేది. ఇంకా పెరుగుతాయని దాణా పెంచుతూ పోయి 7 కిలోలకు తెచ్చావు. అందులో సగానికి పైగా జొన్నలు, మొక్కజొన్నలు రాత్రి నానబెట్టి పెట్టేవి. మిగతాది వేరుశనగ చెక్క, తవుడు. వరిగడ్డి ధర మండిపోతోందని దాన్ని 4 కిలోలకు తగ్గించావు. ఇప్పుడు పాలు 6 లీటర్లు, వెన్న 7.5 శాతం నుంచి 6కు దిగింది. పేడ జారుడుగా ఉంది, అందులో జొన్నలు గింజలుగానే కనిపిస్తున్నాయి. రెండు సీసాల టానిక్ తాపినా లాభం లేదు. "అరుగుదలకు మంచి మందు చెప్పండి సార్" అన్నావు. కింద ఇంకో మాట కూడా రాశావు. మీ నాయన మందలో వానలు పడ్డ వారానికే రెండు గొర్రెలు ఉన్నట్టుండి చనిపోయాయని.

మందు పేరు రాయను, ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది. అనంతపురం, కడప జిల్లాల పశువుల ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి దిగినవాణ్ణి. ఇప్పుడు ఇంటి దగ్గర రెండు ఎనుములు, కొన్ని పొట్టేళ్లు ఉన్నాయి. నాకన్నా చిన్నవాడివని తెలుస్తోంది, నువ్వనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ఎనుము గడ్డిని అరిగించుకోలేదు. ఈ మాట చెబితే రైతులు నా మొహం చూసి నవ్వేవాళ్లు. కానీ నిజం. గడ్డిలోని పీచును విడగొట్టే రసం దాని ఒంట్లో ఎక్కడా ఊరదు, మన ఒంట్లో ఊరనట్టే. ఆ పని చేసిపెట్టేది దాని పెద్దపొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు పొట్టరసంలో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. అది కాక ప్రోటోజోవా, కొన్ని రకాల బూజులు. ఎనుము చేసేదల్లా వాటికి ఇల్లు, వేడి, తడి ఇచ్చి, మేత లోపలికి పంపించడం. అవి తిని వదిలినదాన్ని ఎనుము తింటుంది. తర్వాత వాటినే తింటుంది.

మీ ఇంట్లో బోటి వండుతారనుకుంటా. మా ఇంట్లో ఉగాది మర్నాడు తప్పదు. ఈసారి వేడినీళ్లు పోసి గీకేటప్పుడు ఆ ముక్కల్ని కాస్త చూడు. తువ్వాలు లాగా నూగునూగుగా ఉండేది పెద్దపొట్ట. ఆ నూగు ఊరికే లేదు, లోపల తయారైన పోషకాలను రక్తంలోకి పీల్చేది అదే. తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉండేది రెండో పొట్ట. పుస్తకంలో కాగితాల్లా పొరలుపొరలుగా ఉండి, కడగలేక ఆడవాళ్లు తిట్టుకునేది మూడోది. అది నీళ్లు పిండేస్తుంది. నున్నగా, మడతలతో జిగటగా ఉండేది నాలుగోది. మన కడుపులాంటిది అదొక్కటే, ఆసిడ్ ఊరేది అక్కడే. గొర్రెలో చిన్నవిగా కనిపించేవే ఎనుములో పెద్దవిగా ఉంటాయి. పెద్ద పశువు పెద్దపొట్టలో 100 నుంచి 200 లీటర్లు పడుతుంది. ఎడమవైపు కడుపంతా దాదాపు అదే.

తేనెపట్టు మాట వచ్చింది కాబట్టి ఒకటి. పశువు నాలుకతో చుట్టి మింగుతుంది, మనలా నమిలి చూసుకోదు. గడ్డితో పాటు పోయిన మేకు, తీగముక్క బరువుకు ఆ గళ్లలో దిగబడుతుంది. దాని ముందు ఒక పలచటి పొర, ఆ పొర అవతల గుండె. గడ్డిమోపులకు కట్టే ఇనుప తీగ తుంచి అక్కడే పారేసేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఇక మీ ఎనుము సంగతి.

మొదటిసారి మేత మింగేటప్పుడు అది సరిగా నమలదు. తీరిగ్గా పడుకుని ముద్దముద్దగా పైకి తెచ్చుకుని నెమరేస్తుంది. రోజులో 6 నుంచి 8 గంటలు దాని పని ఇదే. నెమరేస్తున్నంతసేపూ లాలాజలం ఊరుతూనే ఉంటుంది. పెద్ద పశువుకు రోజుకు 100 లీటర్లు దాటుతుంది. ఆ లాలాజలంలో ఉండేది సోడా. మన వంటసోడా జాతిదే. ఎందుకంత సోడా? పెద్దపొట్టలో బ్యాక్టీరియా మేతను పులియబెడుతున్నప్పుడు ఆమ్లాలు పుడతాయి. ఆ పులుపును విరిచేది ఈ సోడాయే. పీచున్న మేత వేస్తే ఎక్కువ నములుతుంది, ఎక్కువ లాలాజలం దిగుతుంది. గింజలు, పిండి వేస్తే నమలాల్సిన పని లేదు, సోడా రాదు. పైగా పిండి పులిసే వేగం గడ్డికి ఉండదు. అంటే సోడా తగ్గించి పులుపు పెంచావు. 7 కిలోల దాణా, 4 కిలోల గడ్డి అంటే జరిగింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు వెన్న ఎందుకు పడిందో చూడు. బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లాల్లో ముఖ్యమైనవి మూడు: అసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్. పశువుకు కావలసిన శక్తిలో 60, 70 శాతం వీటి నుంచే వస్తుంది. పెద్దపొట్ట గోడలోని ఆ తువ్వాలు నూగు గుండా నేరుగా రక్తంలో కలుస్తాయి, పేగుల దాకా పోనక్కర లేదు. పీచు పులిస్తే అసిటిక్ ఎక్కువ, పొదుగులో వెన్న అయ్యేది ముఖ్యంగా అదే. గింజలు పులిస్తే ప్రొపియోనిక్ ఎక్కువ. అది కాలేయానికి పోయి చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర పొదుగులో పాలచక్కెర అవుతుంది, పాలచక్కెర నీటిని లాగుతుంది కాబట్టి పాల కొలత పెరుగుతుంది. పెద్ద పశువు తిన్న పిండి చక్కెరగా మారి నేరుగా రక్తంలోకి పోయేది చాలా తక్కువ. ఆవు రక్తంలో చక్కెర మనకన్నా తక్కువే ఉంటుంది, దానికి అదే మామూలు. షుగర్ మిషన్‌తో ఆవును పరీక్షించి "లో షుగర్" అని టెన్షన్ పడి ఫోన్ చేసిన రైతు ఒకాయన ఉన్నాడు, అందుకే రాస్తున్నా.

గింజలు పెంచితే పాలు పెరగాలి కదా అంటావు. కొంతవరకు పెరుగుతాయి. అందుకే మొదటి రెండు వారాలు నీకు సంబరంగా ఉండి ఉంటుంది. పులుపు ఒక గీత దాటాక పీచును అరిగించే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. అవి పులుపును తట్టుకోలేవు. అప్పుడు వేసిన ఆ 4 కిలోల గడ్డి కూడా సరిగా అరగదు. ఎనుము మేత వదిలేస్తుంది, నెమరు తగ్గుతుంది, సోడా ఇంకా తగ్గుతుంది. ఒకదాన్నొకటి లాక్కుపోతాయి.

గింజలు పేడలో పడటానికి కారణం వేరు. జొన్న గింజ పైపొర గట్టిది. ఎనుములు, ఆవులు గింజల్ని కొరికి నలపవు. పొర పగలకపోతే బ్యాక్టీరియా లోపలికి పోలేదు. నానబెడితే మెత్తబడుతుంది కానీ పగలదు. మిల్లులో రవ్వలా పట్టించు. మరీ మెత్తటి పిండి వద్దు, అది క్షణాల్లో పులుస్తుంది. గొర్రెలు మాత్రం గింజల్ని బాగానే నములుతాయి, వాటికి ఈ బాధ లేదు. సంచికి ఇంతని పోసి కొన్న జొన్నలు పేడదిబ్బలో మొలకెత్తడం చూస్తే నాకే కడుపు మండేది.

ఎడమ డొక్క పరీక్ష సంగతికి వస్తా. దీనికి డాక్టరు అవసరం లేదు. మేత వేసిన రెండు గంటల తర్వాత ఎనుముకు ఎడమవైపు నిలబడు. ఆఖరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్య గుంతలాంటి చోటు ఉంటుంది. పిడికిలి బిగించి అక్కడ అదిమిపట్టు. తొందరపడకు. కాసేపటికి లోపల ఎవరో పక్కమీద ఒత్తిగిలినట్టు ఒక అల వచ్చి నీ పిడికిలిని బయటికి తోస్తుంది. పెద్దపొట్ట మేతను కలియబెట్టడం అది. రెండు నిమిషాల్లో రెండు మూడు అలలు రావాలి. ఒకటే వచ్చినా, బలం లేకుండా వచ్చినా లోపల పని మందగించిందని. పిడికిలి తీశాక నొక్కిన గుంట చపాతీ పిండిమీద వేలిగుర్తులా కాసేపు నిలిస్తే మంచిదే, గడ్డి పొర ఉన్నట్టు. నీళ్లసంచిని నొక్కినట్టు చిలకరిస్తే మంచిది కాదు.

రెండోది, నెమరు లెక్క. ముద్ద గొంతులోకి రావడం కంటికి కనిపిస్తుంది. అక్కడినుంచి మింగేదాకా దవడ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టు. 40 నుంచి 60 దాకా ఉండాలి. మీ ఎనుముకు 30 దాటదని నా అనుమానం.

మూడోది, పేడ కడగడం. అసహ్యించుకోకు. చేతినిండా పేడ తీసి పాత జల్లెడలో వేసి కొళాయి కింద పట్టు. పచ్చనీళ్లు పోయాక మిగిలింది చూడు. సన్నటి పీచు మాత్రమే మిగిలితే పొట్ట పని చేస్తోంది. అంగుళం పొడుగు గడ్డిముక్కలు, గింజలు, జిగురు తీగలు ఉంటే పొట్టలో చేయాల్సిన పని పేగుల్లో జరుగుతోందన్నమాట. నేను ఆసుపత్రి మూలన ఒక జల్లెడ పెట్టుకుని ఉండేవాణ్ణి. కొత్తగా వచ్చిన అటెండరు దాన్ని టీ వడగట్టేదనుకున్నాడు.

నాకు ఇవన్నీ పుస్తకంలో తెలిసినవే, అయినా బుద్ధి వచ్చింది వేరే విధంగా. రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు బక్రీదుకని పన్నెండు పొట్టేలు పిల్లలు కొన్నాను. మొక్కజొన్న రోజుకు 100 గ్రాములతో మొదలుపెట్టి, వారం వారం కొద్దిగా పెంచమని అందరికీ చెప్పేవాణ్ణి. పండుగ ఇక మూడు వారాలే ఉంది, తూకం రాలేదు. ఒకేసారి అరకిలో పెట్టమని పనిపిల్లాడికి చెప్పింది నేనే. మూడో రోజు తెల్లారేసరికి మూడు పడి ఉన్నాయి. రెండు చచ్చాయి, ఒకటి కళ్ల ముందే పోయింది. కోసి చూస్తే పెద్దపొట్టనిండా పుల్లటి గంజి. వేలితో తాకితే లోపలి నూగు తడిసిన కాగితంలా ఊడి చేతికొచ్చింది. పోషకాలు పీల్చాల్సిన గోడే ఉడికిపోయింది. మా ఆవిడ ఒక్క మాటే అంది, "ఇదే పని వేరేవాళ్లు చేస్తే మీరు ఎంత అరిచేవారు?" అని.

అంత గింజ ఒకేసారి పడితే లోపల ఊరు మారిపోతుంది. పీచును అరిగించే జాతులు చచ్చి, పిండిని తిని లాక్టిక్ ఆసిడ్ చేసే జాతులు కట్టలు తెంచుకుంటాయి. అది మిగతా మూడిటికన్నా ఎంతో ఘాటైన పులుపు. పెళ్లి ఇంటి వెనక కుప్పపోసిన అన్నం తిని పాడి ఆవులు పడిపోవడం నువ్వూ చూసే ఉంటావు. కారణం ఇదే. అలాంటప్పుడు నీళ్లు, మజ్జిగ పోస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు గానీ, పశువుల అంబులెన్సు నంబరు 1962కు గానీ ఫోన్ చెయ్యాలి. గంటలు లెక్క.

కొత్త మేతకు తగ్గ బ్యాక్టీరియా పెరగాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. పెద్దపొట్ట నూగు పెరగాలంటే ఇంకా ఎక్కువ. అందుకే దాణా అయినా, పచ్చిమేత అయినా, సైలేజ్ (పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత) అయినా పది రోజులకు తగ్గకుండా కొంచెం కొంచెంగా మార్చమనేది. తగ్గించేటప్పుడు కూడా అంతే.

ట్రైనింగుకు పోయినప్పుడు డొక్కలో రబ్బరు మూత బిగించిన ఆవును చూశాను. మూత తీస్తే ఎదురుగా పెద్దపొట్ట. ఆవు మాత్రం ఏమీ ఎరగనట్టు మేస్తూనే ఉంది. చేయి పెట్టమన్నారు. భుజం దాకా వెచ్చటి గడ్డి, లోపలినుంచి పట్టి పిండినట్టు అల. మేతల్ని నైలాన్ సంచుల్లో కట్టి లోపల వేలాడదీసి, రెండు రోజుల తర్వాత తీసి ఆరబెట్టి తూచారు. వరిగడ్డి సంచిలో సగానికి పైగా అట్లే మిగిలింది. వేరుశనగ కట్టె (కాయలు తెంపాక మిగిలే ఎండు మొక్క) సంచి బాగా ఖాళీ అయింది. ఆ రోజు నుంచి వరిగడ్డి మీద నాకు గౌరవం పోయింది. దాంట్లో ప్రొటీన్ 3, 4 శాతమే, పైగా ఇసుకలాంటి సిలికా. వేరుశనగ కట్టెలో ప్రొటీన్ దానికి రెండింతలు దాటుతుంది.

అందుకే నీ ప్రశ్నలో నన్ను కుదిపేసిన వాక్యం వేరే. "కట్టె వామి మంచి ధర వచ్చిందని అమ్మేశాం" అన్నావు. అంటే అనంతపురం జిల్లా రైతువై ఉండి, కట్టె అమ్మి వరిగడ్డి కొన్నావు! ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే చోట మన పశువులు బతికి బట్టకట్టింది ఆ కట్టె, జొన్నసొప్ప మీదే. వచ్చే ఏడాది అమ్మొద్దు. మట్టి దులిపి, వానకు తడవకుండా వామి వెయ్యి. బూజు పట్టిన కట్టె, ముక్కిపోయిన చెక్క మాత్రం చౌకగా వచ్చినా వద్దు. వేరుశనగకు పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. కొంత కాలేయాన్ని కొడుతుంది, కొంత రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది. కాచినా పోదు.

కొన్న వరిగడ్డి ఎలాగూ ఉంది కదా, యూరియాతో మాగబెట్టు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పూర్తిగా కరిగించి పొరపొరకూ చల్లి, తొక్కి, ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరకుండా 21 రోజులు కప్పెయ్యాలి. తీశాక ఘాటు పోయేలా గంటసేపు ఆరబెట్టి వెయ్యాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. ఎరువు పశువుకు పెట్టడమేమిటని అందరూ అడుగుతారు. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా పీచును వదులు చేస్తుంది. పెద్దపొట్టలో బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను తీసుకుని తమ ఒంట్లో ప్రొటీన్‌గా మార్చుకుంటుంది. అవి మేతతో పాటు నాలుగో పొట్టలోకి కొట్టుకుపోతాయి. అక్కడ ఆసిడ్‌లో చచ్చి, చిన్నపేగులో అమైనో ఆసిడ్లుగా విడిపోయి రక్తంలో కలుస్తాయి. పశువుకు అందే ప్రొటీన్‌లో సగానికి పైగా ఇలా చచ్చిన సూక్ష్మజీవులదే. చిన్నపేగు పొడవు ఎంతనుకున్నావు? పెద్ద పశువులో 40 మీటర్ల దాకా. ఖనిజాలు, విటమిన్లు, కొవ్వు పీల్చుకునేది చాలావరకు అక్కడే. బి విటమిన్లు బయటినుంచి పెట్టక్కర లేదు, వాటినీ బ్యాక్టీరియానే తయారుచేస్తుంది, దానికి కాస్త కోబాల్ట్ అందితే చాలు. ఖనిజ మిశ్రమం పెట్టమనేది అందుకు కూడా.

యూరియా నీళ్లు బకెట్లో వదిలేసి పోవద్దు. పశువు తాగితే ఒక్కసారిగా పుట్టే అమ్మోనియాను బ్యాక్టీరియా వాడుకోలేదు, రక్తంలోకి పోయి చంపేస్తుంది.

సరే, రేపటినుంచి ఏం చెయ్యాలి. గింజలు రవ్వ పట్టించి, దాణాను పది రోజుల్లో 7 నుంచి 4.5 కిలోలకు దించు. లెక్క సులువు: ఒంటి పోషణకు కిలోన్నర, ఎనుము పాలు రెండు లీటర్లకు కిలో చొప్పున. అందులో గింజల రవ్వ 2 కిలోలు మించొద్దు. దాన్ని రెండు పూటల బదులు మూడు పూటలు చెయ్యి. గాడిలో ముందు ఎండుమేత పడాలి, అది కాసేపు మేశాక దాణా. ఇప్పుడు నువ్వు చేస్తున్నది తలకిందులు, ఖాళీ పొట్టలో గింజలు పోసి పాలు పిండుతున్నావు. వరిగడ్డో సొప్పో 6 కిలోలు, పచ్చిమేత 15 కిలోలు. బోరు ఉందన్నావు కదా, పది సెంట్లలో నేపియర్ గడ్డి పెట్టుకో. ఖనిజ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఈ పది రోజులు దాణాలో వంటసోడా 100 గ్రాములు కలిపినా మంచిదే, కానీ అది ఊతకర్ర మాత్రమే. నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. రోజుకు రెండుసార్లు తొట్టి దగ్గరికి తోలుకుపోతే చాలదు.

పాలు మొదటి వారంలో ఇంకో అర లీటరు తగ్గొచ్చు. అప్పుడు భయపడి దాణా పెంచితే మళ్లీ మొదటికొస్తావు. ముందు పేడ గట్టిపడుతుంది, తర్వాత వెన్న లేస్తుంది, ఆ తర్వాతే పాలు.

టానిక్ వల్ల నష్టం లేదు, జేబుకు తప్ప. భయమంతా ఇంకోదాని గురించి. పేడ పలచన అని మెడికల్ షాపులో అడిగితే యాంటీబయాటిక్ బిళ్లలు చేతిలో పెడతారు. నోటి ద్వారా వేస్తే అవి పెద్దపొట్టలో మంచి బ్యాక్టీరియానూ ఊడ్చేస్తాయి. మేత పూర్తిగా మానేసిన పశువులకు, ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్టరసం కొన్ని లీటర్లు తీసి ట్యూబుతో తాపుతాం. మా అనుభవంలో దానికి మించిన అరుగుదల మందు లేదు, కాకపోతే సీసాలో దొరకదు. డొక్కలో అల పూర్తిగా ఆగిపోయినా, నెమరు ఒక పూటంతా లేకపోయినా ఇక్కడ రాస్తూ కూర్చోకుండా డాక్టరును పిలిపించు.

మీ నాయన గొర్రెల సంగతి. నువ్వు చెప్పింది చూస్తే చిటుక రోగంలా ఉంది. పేరు దానికి తగ్గట్టే పెట్టారు, చిటుక్కున పోతాయి. దాని బ్యాక్టీరియా మామూలుగానే పేగుల్లో కొద్దిగా ఉంటుంది. ఎండాకాలమంతా ఎండిపుల్లలు కొరికిన గొర్రె, మొదటి వానకు లేచిన లేత గడ్డిమీద పడితే అరగని తీపి, పిండి పేగులదాకా పోతుంది. అది తిని ఆ బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి విషం కక్కుతుంది. మందలో బాగా బలిసినవే ముందు పోవడం అందుకే. "దిష్టి తగిలింది" అని మీ నాయన అన్నాడంటే అర్థం చేసుకోగలను, నిజంగానే మంచివి ఏరుకుని చచ్చినట్టుంటుంది. వానలకు ముందే, మే, జూన్‌లో టీకా వేయించాలి. ఇప్పుడైనా మిగతావాటికి వేయించండి, తోలే ముందు కాస్త ఎండుమేత పెట్టండి. ఇంకోటి చస్తే కోసి పారేయకుండా పోస్టుమార్టం చేయించండి, చూడకుండా నేను చెప్పేది ఊహే.

అదే వానలకు జొన్నచేనులో నాము భయం కూడా ఉంటుంది. బెట్టకు గిడసబారిన జొన్న, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలు మేస్తే పశువు నిమిషాల్లో కూలుతుంది. ఆ పిలకల్లో దాగిన సైనైడును విడిపించేది పెద్దపొట్టలోని ఆ సూక్ష్మజీవులే. గడ్డిని అన్నంగా మార్చే చేతులే ఇక్కడ విషం తీసి ఇస్తాయి. ఆ విషానికి విరుగుడు హైపో ఇంజెక్షన్ టైముకు పడితే బతుకుతుంది. పంట పూతకు వచ్చేదాకా అటు తోలకపోవడమే మంచిది.

మూడు నెలల దున్నపోతు దూడకు గడ్డి అరగదేమో అని అడిగావు. పుట్టిన దూడకు నాలుగో పొట్టే పనిచేస్తుంది. పాలు తాగేటప్పుడు గొంతు చివర కండరాలు మడిచి కాలువలా చేసి, పెద్దపొట్టను తప్పించి పాలను నేరుగా అక్కడికి పంపుతాయి. ముర్రుపాలు మొదటి గంటల్లోనే తాపమనేది కూడా పేగుల వల్లే. పుట్టిన రోజు పేగు రక్షణ పదార్థాలను యథాతథంగా లోపలికి రానిస్తుంది, 24 గంటలకు ఆ దారి మూసుకుపోతుంది. రెండో వారం నుంచి చిటికెడు దాణా, లేత గడ్డి అలవాటు చేస్తే పులిసిన ఆమ్లాలు తగిలి పెద్దపొట్ట నూగు పెరుగుతుంది. మూడు నెలలకు మీ దూడ మేయాలి. పాలు మిగల్చాలని కట్టేసి ఉంచితే పొట్ట ఉబ్బి, కాళ్లు పీలగా తయారవుతుంది. దున్నదూడ కాబట్టి పట్టించుకోలేదని నాకు అర్థమైంది, అది వేరే విషయం.

మీ అమ్మ కోళ్లు ఇసుక, రాళ్లు ఏరుకు తింటున్నాయని అడిగిందన్నావు. తిననివ్వమను. కోడికి పళ్లు లేవు. గింజలు ముందు మెడ కింది సంచిలో నానుతాయి, తర్వాత ఆసిడ్ ఊరే చిన్న పొట్ట దాటి కందనకాయలో పడతాయి. అక్కడ ఆ రాళ్లతోనే తిరగలి పట్టినట్టు నలుగుతాయి. కందనకాయ కోసినప్పుడు లోపల పసుపుపచ్చటి తోలు, నాలుగు గులకరాళ్లు మీ అమ్మకు తెలియనివి కావు.

ఎనుముకు పళ్లున్నాయి, తిరగలి లేదు. జొన్నలు మిల్లుకు తీసుకుపో. పదిహేనో రోజున పేడ కడిగి, జల్లెడలో ఏం మిగిలిందో ఫోటో తీసి ఇక్కడే పెట్టు. వెన్న శాతం చీటీలు కూడా దాచు, రెండూ కలిపి చూద్దాం.